స్మరణము - విస్మృతి

జ్ఞాపకశక్తిని గూర్చి మాటలాడునపుడు దానిని ధాన్యపు గాదెతో పోల్చుట వాడుక. పోసినది పోసినట్లే యుండును, తలుపు తీసి చూచినంత మాత్రమున లోనిది మాఱదు, కాలము గడచిన కొలది కొంత తఱుగును అని యందఱి భావన. మనశ్శాస్త్రజ్ఞుల పరిశోధనలను చూడగా ఈ పోలిక నిలువదని తేలుచున్నది. ఒక విషయమును తలచుకొనిన ప్రతిసారియు ఆ విషయము కొంత గట్టిపడును. దాని పొరుగున నున్నది కొంత మఱుగుపడును. తలచుకొనిన రూపమున పొరపాటున్నచో నదియు స్థిరపడవచ్చును. పద్యములు కంఠస్థము చేయించెడు అధ్యాపకులకును, జనుల నోటినుండి పాటలను కథలను సేకరించెడు పరిశోధకులకును ఈ మూడు ఫలములతో నిత్యము పని యున్నది. కావున వానిని క్రమముగా వివరింప దలచితిమి.

మొదటి ఫలము దార్ఢ్యము. అమెరికాలో రోడిగర్, కార్పికే అను పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగ మొకటి కలదు. వారు విద్యార్థులచే చిన్న గద్యభాగములను చదివించి, ఒక భాగమును మరల చదివించిరి. మఱియొక భాగమును మాత్రము చూడనీయక, గుర్తున్నంత వఱకు వ్రాయించిరి. వ్రాసినదానిలోని తప్పొప్పులను చెప్పలేదు. 5 నిమిషముల తరువాత పరీక్షింపగా మరల చదివిన భాగమున నూటికి 81 పాళ్లును, వ్రాసిన భాగమున 75 పాళ్లును గుర్తుండెను. వారము దినముల పిమ్మట లెక్క తలక్రిందయ్యెను. మరల చదివినది 42 పాళ్లకు దిగగా, తలచుకొని వ్రాసినది 56 పాళ్లు నిలిచెను. చదువుట వెంటనే తృప్తి నిచ్చును. తలచుకొనుట దూరమునకు పనికివచ్చును.

మన యష్టావధానమును ఈ దృష్టితో చూడదగును. అవధాని సమస్యకు గాని దత్తపదికి గాని ఒక పాదము చెప్పి, తక్కిన పృచ్ఛకులయొద్దకు పోయి, మరల మొదటివానికడకు వచ్చును. ముందు చెప్పిన పాదము మనస్సునకు రానిదే తరువాతి పాదము అన్వయము తప్పక సాగదు. అనగా తుది ధారణకు ముందే ప్రతి పద్యమును ఎడమిచ్చి యెడమిచ్చి పలుమాఱులు తలచుకొనుట జరుగుచున్నది. ధారణాశక్తిని కేవలము దైవదత్తమనక, అవధానమునందలి ఈ క్రమమే దానికి కొంత దోహద మగుచున్నదని మా యభిప్రాయము.

రెండవ ఫలము విస్మృతి. ఆండర్సన్, మఱియు బ్యోర్క్ దంపతులు 1994లో దీనిని నిరూపించిరి. పండ్లు, పానీయములు మొదలగు వర్గములక్రింద కొన్ని పేరులు నేర్పి, కొన్ని వర్గములలో సగము పేరులను మాత్రమే పలుమాఱులు తలపింపజేసిరి. పండ్లలో నారింజను అడిగిరి, అరటిని అడుగలేదు అనుకొందము. 20 నిమిషముల తరువాత అన్నింటిని అడుగగా, అభ్యసించిన పేరులు నూటికి సుమారు 74 పాళ్లు గుర్తుకు వచ్చెను. అసలు ముట్టని వర్గములలోని పేరులు సుమారు 49 పాళ్లు వచ్చెను. అభ్యసించిన వర్గముననే యుండి అడుగబడని పేరులు 38 పాళ్లే వచ్చెను. ఒకదానిని పైకి తెచ్చుటకై దానితో పోటీపడు పొరుగువానిని మనస్సు అణచుచున్నదని వీరి వివరణము. అణచుట లేదు, బలపడినది అడ్డువచ్చుచున్నదని మఱికొందఱు వాదింతురు. కారణమున భేదమున్నను ఫలమున సందేహము లేదు.

ఇరువది నిమిషముల ప్రయోగమును ఏండ్ల చదువునకు యథాతథముగా అన్వయింపరాదు. ఐనను హెచ్చరిక స్పష్టము. గజేంద్రమోక్షమున నాలుగైదు పద్యములనే మాటిమాటికి అడుగుచుండినచో, ఆ ఘట్టముననే యున్న తక్కిన పద్యములు వెనుకబడు ప్రమాదము కలదు. దీనికి విరుగుడును కలదు. నేర్చుకొనిన యంశములను ఒకదానితో నొకటి ముడివేసి భావించినచో ఈ నష్టము తగ్గునని 1999లో ఆండర్సన్, మెకల్లక్ అనువారు చూపిరి. కథాక్రమమున పద్యమునకు పద్యమునకు గల సంబంధమును అడుగుట మేలు.

మూడవ ఫలము రూపభేదము. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అమెరికా ఆదివాసుల కథ నొకదానిని చదివించి, దినముల పిమ్మటను నెలల పిమ్మటను మరల మరల వ్రాయించెను. ఈ పరిశోధన 1932 నాటి 'రిమెంబరింగ్' అను గ్రంథమున కలదు. వ్రాయువారికి పరిచితము కాని విషయములు పరిచితములుగా మాఱెను. సీలుల వేట చేపల వేట యయ్యెను. మొదటిసారి వ్రాసినపుడు ఏర్పడిన రూపమే తరువాతి రచనలలో చాలవఱకు నిలిచిపోవుట ఆయన గమనించెను. 2000లో నాడర్, షాఫే, లెడూ అనువారు ఎలుకలపై చేసిన ప్రయోగము మఱియొక విశేషమును తెలిపెను. స్థిరపడిన భయస్మృతిని మేల్కొలిపిన వెంటనే మెదడులో ప్రోటీనుల నిర్మాణమును ఆపు మందు నెక్కింపగా ఆ స్మృతి చెదరెను, మేల్కొలుపనిచో చెదరలేదు. స్మరణకాలమున స్మృతి మరల పచ్చిమట్టివలె నగునని దీని తాత్పర్యము.

వేదాధ్యయనమున పదపాఠముతో తృప్తిపడక క్రమము, జట, ఘన మేల ఏర్పడినవో ఇందువలన కొంత బోధపడును. రెండు పదములను ముందు వెనుకలుగా, మరల ముందుగా చెప్పుట జట. ప్రతి పదమును దాని పొరుగు పదములతో ఇటునటు బంధించుటచేత ఏ పదమును జాఱదు. జాఱినచో గురువు అక్కడనే దిద్దును.

పరిశోధక విద్యార్థులకు ఒక మాట. గాయకుని యడిగి పాట వ్రాసికొనుట గాదెనుండి గింజ తీయుట వంటిది కాదు. మన ప్రశ్నయే ఆయన స్మృతిని మార్చుచున్నది. కావున మొదటిసారి ఆయన తనంత చెప్పినదానిని అడ్డురాక వ్రాసికొనవలెను. ఆ పాటను ఇంతకుముందు ఎవరు ఎన్నిమాఱులు అడిగిరో గుర్తింపవలెను. పేరుపొందిన పాటను మాత్రమే అడిగి వచ్చినచో, దాని ప్రక్కనున్న పాటలు మఱుగగుటకు మనమును కొంత కారకుల మగుదుము.