అంతర్జాలంలో ఇల్లు మారడం: అభిరుచి బృందాల జ్ఞాపకాలు ఎక్కడ జారిపోతాయి, ఎలా నిలుస్తాయి?

2019 అక్టోబరు మధ్యలో యాహూ సంస్థ ఒక ప్రకటన వెలువరించింది. దాదాపు రెండు దశాబ్దాలుగా నడుస్తున్న యాహూ గ్రూప్స్‌లో అక్టోబరు 28 తరువాత కొత్తగా ఏదీ భద్రపరచుకునే వీలుండదని, డిసెంబరు 14న పాత సందేశాలు, ఛాయాచిత్రాలు, దస్త్రాలు అన్నింటినీ తొలగిస్తామని దాని సారాంశం. అంతకాలం పోగుపడిన సమాచారాన్ని తరలించుకోవడానికి సభ్యులకు చిక్కిన వ్యవధి రెండు నెలలు మాత్రమే. అభ్యంతరాలు రావడంతో సమాచారాన్ని దించుకునే గడువును 2020 జనవరి 31 వరకు పొడిగించారు. అదే సంవత్సరం డిసెంబరు 15న ఆ సేవ పూర్తిగా ముగిసింది.

ఈ నిర్ణయం వల్ల కలత చెందినవారిలో పెద్ద వ్యాపార సంస్థలు లేవు. హామ్ రేడియో ప్రియులు, పాత రేడియోల మరమ్మతుదారులు, నాణేల సేకర్తలు, రైలు నమూనాలు తయారు చేసేవారు, వంశవృక్షాలు కూర్చేవారు ఉన్నారు. తెలుగు సాహిత్యంపై సుదీర్ఘ చర్చలు సాగిన ‘రచ్చబండ’ బృందం కూడా యాహూ గ్రూప్స్‌లో నడిచినదే.

అభిరుచి బృందం ఒక సర్వర్ నుంచి మరొక సర్వర్‌కు తరలడం పైకి సాంకేతిక వ్యవహారంగా కనిపిస్తుంది. వాస్తవానికి అది ఒక సమష్టి జ్ఞాపకాన్ని పదిలంగా చేరవేసే పని. అందులో ఏయే దశలుంటాయి? ఎక్కడ నష్టం జరుగుతుంది? ఏ జాగ్రత్తలు అవసరం?

కాలక్షేపం మాత్రమే కాదు

అభిరుచుల చుట్టూ పేరుకున్న జ్ఞానం పాఠ్యపుస్తకాల్లో దొరికేది కాదు. విడిభాగాలు దొరకని పాత రేడియోకు ప్రత్యామ్నాయంగా ఏది అమర్చాలి, మేడపైన ఉన్న కొద్దిపాటి స్థలంలో ఏంటెనాను ఎలా కట్టాలి వంటి ప్రశ్నలకు సమాధానాలు ఏళ్ల తరబడి సాగిన సంభాషణల్లోనే ఉంటాయి. ఒకరు అడుగుతారు, మరొకరు చెబుతారు, మూడోవారు ప్రయత్నించి చూసి సరిదిద్దుతారు. ఆ మూడు సందేశాలూ కలిసి ఉన్నప్పుడే వాటికి విలువ.

ఆ జ్ఞానం ఆపదలో అక్కరకు వచ్చిన సందర్భం భారతదేశానికి తెలిసినదే. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన బృందం 2004 డిసెంబరులో ప్రత్యేక అనుమతితో అండమాన్ దీవులకు వెళ్లింది. ప్రపంచ దేశాల్లోని హామ్‌లతో అక్కడి నుంచి సంభాషించడం ఆ యాత్ర ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ విరుచుకుపడింది. టెలిఫోన్ సంబంధాలు తెగిపోయిన ఆ సమయంలో సరదా కోసం తీసుకువెళ్లిన రేడియోలే క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేశాయి.

తరలించవలసినవి ఏమిటి?

ఏ బృందం ఇల్లు మారినా ప్రధానంగా నాలుగు అంశాలు కదలాలి. మొదటిది, సంభాషణలు నిక్షిప్తమై ఉండే డేటాబేస్. రెండవది, సభ్యులు జోడించిన చిత్రాలు, దస్త్రాలు. మూడవది, సభ్యుల ఖాతాలు. నాలుగవది, బృందానికి దారి చూపే చిరునామా, అంటే డొమైన్ పేరు. వీటిలో ఏ ఒక్కటి వెనుకబడినా మిగిలినవాటి ప్రయోజనం తగ్గిపోతుంది.

చిత్రాల విషయంలో ఎదురయ్యే చిక్కు తరచూ ఆలస్యంగా బయటపడుతుంది. స్థలం ఆదా చేసుకోవడానికి అనేక బృందాలు చిత్రాలను తమ సర్వర్‌లో కాక, ఇతర సంస్థల వద్ద ఉంచి, సందేశంలో వాటి లంకె మాత్రమే ఇచ్చేవి. అటువంటి సేవలందించిన ఫోటోబకెట్ 2017 మధ్యలో నిబంధనలు మార్చింది. చిత్రాలు ఇతర వెబ్‌సైట్లలో కనిపించాలంటే ఏడాదికి 399.99 డాలర్ల పథకంలో చేరాలని షరతు విధించింది. ఫలితంగా మరమ్మతు పద్ధతులను అంచెలంచెలుగా చూపిన పాత పాఠాల్లో బొమ్మలు మాయమై, వాటి స్థానంలో చెల్లింపు సూచనలు ప్రత్యక్షమయ్యాయి. ‘పక్క చిత్రంలో చూపిన తీగను కలపండి’ అన్న వాక్యం మిగిలి, ఆ చిత్రం లేకపోతే పాఠమే నిరుపయోగం.

సభ్యుల ఖాతాలది మరొక సమస్య. సక్రమంగా నిర్మించిన వ్యవస్థలో పాస్‌వర్డ్ యథాతథంగా నిల్వ ఉండదు. దాని నుంచి గణించిన సంకేతం మాత్రమే ఉంటుంది. ఆ సంకేతం నుంచి అసలు పాస్‌వర్డ్‌ను తిరిగి రాబట్టడానికి వీలుండదు. కొత్త సాఫ్ట్‌వేర్ పాత సంకేత పద్ధతిని గుర్తించలేకపోతే, ప్రతి సభ్యుడూ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవలసి వస్తుంది. అందుకు సందేశం వెళ్లేది ఎప్పుడో నమోదు చేసిన ఈమెయిల్‌కు. ఆ ఈమెయిల్‌ను సభ్యుడు వాడటం మానేసి ఉంటే, పదిహేనేళ్ల సభ్యత్వం అక్కడితో తెగిపోతుంది. అందుకే తరలింపునకు ముందే ఈమెయిల్ చిరునామాలను సరిచూసుకోమని సభ్యులను కోరడం మంచి పద్ధతి.

తెలుగు అక్షరాలకు ప్రత్యేక జాగ్రత్త

భారతీయ భాషల బృందాలకు లిపి సంబంధమైన ఇబ్బంది అదనం. 1990లలో విదేశాల్లోని తెలుగువారు పరస్పరం రాసుకున్నది ఎక్కువగా రోమన్ లిపిలోనే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి అందుకు తోడ్పడింది. ఆ తరువాత ఎవరి ఫాంట్ వారిదిగా కొంతకాలం గడిచింది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, సామాన్యుల కంప్యూటర్లలో అది వాడుకలోకి రావడానికి మరి కొన్నేళ్లు పట్టింది. అందువల్ల పాత బృందాల సమాచారంలో ఈ మూడు దశల రాతలూ కలగలిసి ఉండవచ్చు.

నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఆంగ్ల అక్షరం ఒక బైటులో ఇముడుతుంది. తెలుగు వర్ణానికి మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తుకు మరో మూడు. పాత డేటాబేస్ తనలో ఉన్నది పాశ్చాత్య లిపి అని పొరపాటున నమోదు చేసుకుని ఉంటే, తరలింపు సమయంలో ప్రతి బైటునూ విడి అక్షరంగా భావించి మార్చివేస్తుంది. అప్పుడు తెలుగు వాక్యం స్థానంలో అర్థం లేని చిహ్నాల వరుస కనిపిస్తుంది. సకాలంలో గుర్తిస్తే దీనిని సరిదిద్దవచ్చు. దానిపైనే కొత్త సందేశాలు చేరిపోతే పాతవాటిని, కొత్తవాటిని విడదీయడం కష్టమవుతుంది. కాబట్టి నమూనాగా కొన్ని తెలుగు సందేశాలను ముందు తరలించి, ఒత్తులు, గుణింతాలతో సహా చదివి చూడటం తప్పనిసరి.

తరలింపే ప్రమాదమైనప్పుడు

మూసివేతల వల్లనే కాదు, తరలింపు వల్ల కూడా సమాచారం నశించిన ఉదాహరణలున్నాయి. ఒకప్పుడు ఔత్సాహిక సంగీతకారులకు నెలవైన మైస్పేస్, సర్వర్ల తరలింపు కారణంగా పాత పాటలు, చిత్రాలు, వీడియోలు అందుబాటులో లేకుండా పోయి ఉండవచ్చని 2019లో అంగీకరించింది. 2015 వరకు సభ్యులు చేర్చిన సంగీతం ఆ విధంగా కనుమరుగైంది. వేరే సందర్భంలో నకలు తీసి ఉంచిన సుమారు 4 లక్షల 90 వేల పాటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ తరువాత ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. పోయినదానితో పోలిస్తే అది స్వల్ప భాగమే.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థకు చెందిన డేటా కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి ఒక భవనం పూర్తిగా దగ్ధమైంది. అసలు సమాచారంతో పాటు బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు వినియోగదారులు రెండింటినీ కోల్పోయారు. నకలు ఉన్నదా అన్నది ఒక ప్రశ్న. ఎక్కడ ఉన్నది, తెరిచి చూస్తే పనిచేస్తున్నదా అన్నవి మరో రెండు ప్రశ్నలు. మూడింటికీ సమాధానం దొరికిన తరువాతే పాత సర్వర్‌ను కదిలించడం క్షేమం.

పాత చిరునామాకు వచ్చేవారి సంగతి

సర్వర్ మారినా డొమైన్ పేరు అదే ఉంటే సభ్యులకు మార్పు దాదాపుగా తెలియదు. ఆ పేరు ఏ సర్వర్‌ను సూచిస్తున్నదో చెప్పే వ్యవస్థను డీఎన్ఎస్ అంటారు. ఊళ్లోని తపాలా కార్యాలయానికి కొత్త ఇంటి నంబరు తెలియజేయడం వంటిది ఇది. ఆ సమాచారాన్ని వివిధ నెట్‌వర్కులు కొంతసేపు తమ వద్ద గుర్తుపెట్టుకుంటాయి. ఆ కాలపరిమితి 86,400 సెకన్లు, అనగా 24 గంటలు ఉన్నదనుకుంటే, మార్పు జరిగిన తరువాత కూడా కొందరు ఒక రోజంతా పాత సర్వర్‌కే వెళతారు. అక్కడ రాసిన సందేశాలు కొత్త చోటికి చేరవు. దీనిని నివారించడానికి ఒకటి రెండు రోజుల ముందే కాలపరిమితిని 300 సెకన్లకు తగ్గిస్తారు. తరలింపు జరుగుతున్నంతసేపు పాత సర్వర్‌లో చదవడానికి మాత్రమే అనుమతిస్తారు.

సాఫ్ట్‌వేర్ కూడా మారితే ఒక్కొక్క సందేశం లంకె మారిపోతుంది. పాత లంకెను కొత్త దానికి శాశ్వతంగా మళ్లించే ఏర్పాటు చేయకపోతే, ఇతరులు ఉటంకించిన దారులన్నీ మూసుకుపోతాయి. మంచి వెబ్ చిరునామా మారరాదని వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే వాదించారు. అయితే ఆచరణ వేరుగా ఉంది. 2013లో ఉన్న వెబ్ పుటల్లో 38 శాతం పదేళ్ల తరువాత అందుబాటులో లేవని అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించింది.

తాళం చెవి ఎవరి చేతిలో?

యాహూ గ్రూప్స్ ఉదంతం మరొక పాఠం కూడా నేర్పింది. ఆ సేవకు మూలమైన వాటిలో ఒకటి, 1990ల చివర మార్క్ ఫ్లెచర్ ప్రారంభించిన వన్‌లిస్ట్. అది ఈగ్రూప్స్‌లో విలీనమైంది. ఈగ్రూప్స్‌ను యాహూ 2000లో దాదాపు 43 కోట్ల డాలర్ల విలువైన షేర్లతో సొంతం చేసుకుంది. అదే ఫ్లెచర్ 2014లో గ్రూప్స్.ఐవో అనే కొత్త సేవను నెలకొల్పారు. యాహూ ప్రకటన వెలువడిన తరువాత అనేక హామ్ రేడియో బృందాలు అక్కడికే తరలివెళ్లాయి. కానీ బృందం మొత్తాన్ని తరలించడానికి నిర్వాహకుడి చొరవ, అనుమతి అవసరం. నిర్వాహకుడు మరణించిన లేదా ఎప్పుడో దూరమైన బృందాల్లో ఆ పని చేయగల అధికారం మరెవరికీ లేకపోయింది.

డొమైన్ పేరు విషయంలోనూ ఇదే జరుగుతుంది. తొలినాళ్లలో ఎవరో ఒకరు సొంత డబ్బుతో, సొంత పేరుతో నమోదు చేస్తారు. వారు అందుబాటులో లేనప్పుడు పునరుద్ధరణ గడువు దాటితే, ఆ పేరును వేరెవరైనా తీసుకోవచ్చు. కనుక డొమైన్, సర్వర్, బ్యాకప్‌ల అధికారం కనీసం ఇద్దరు ముగ్గురి వద్ద ఉండాలి. చెల్లింపు తేదీలు అందరికీ తెలిసిన చోట రాసి ఉండాలి.

సభ్యుల సమ్మతిని విస్మరించడానికి వీల్లేదు. పాత సందేశాల్లో ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, కుటుంబ వివరాలు ఉండవచ్చు. పరిమిత బృందంలో పంచుకున్న మాటలు కొత్త చోట అందరికీ కనిపించేలా తెరుచుకుంటే అది విశ్వాస భంగమే. వ్యక్తిగత సమాచారాన్ని సేకరించేవారు సమ్మతిని, భద్రతను పాటించాలని 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం నిర్దేశిస్తోంది. ఎక్కడికి తరలుతున్నాం, ఏమేం తీసుకువెళుతున్నాం, తమ రాతలు వద్దనుకునేవారు ఎప్పటిలోగా చెప్పాలి అన్న మూడు విషయాలను ముందుగా ప్రకటించడం నిర్వాహకుల బాధ్యత.

గడువు రాకముందే

2009 అక్టోబరు 26న జియోసిటీస్, 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడ్డాయి. భారతదేశంలో లక్షలాది యువతకు తొలి అంతర్జాల పరిచయ వేదిక ఆర్కుట్. ఉచిత సేవలు ఏదో ఒకనాడు ముగియవచ్చని ఈ అనుభవాలు సూచిస్తున్నాయి. అయినా చాలా బృందాలు నోటీసు వచ్చిన తరువాతే మేల్కొంటాయి. అప్పటికి మిగిలే వ్యవధిలో పరీక్షించుకోవడానికి సమయం చాలదు.

అంతకంటే సులువైన మార్గం, ఏడాదికి ఒకసారి పూర్తి నకలు తీసి, దానిని వేరొక కంప్యూటర్‌లో తెరిచి చూడటం. పాత సందేశం ఒకటి, చిత్రమున్న సందేశం ఒకటి, తెలుగులో రాసినది ఒకటి ఎంచుకుని సరిగా కనిపిస్తున్నాయో లేదో పరిశీలిస్తే చాలు. బృందం ఎప్పటికీ ఇల్లు మారకపోయినా ఆ శ్రమ వృథా కాదు.

యాహూ గ్రూప్స్ నుంచి సకాలంలో తరలిన బృందాల్లో పాత సందేశాలను కొత్త చోట వెదకి చదువుకునే వీలు కలిగింది. తరలలేకపోయిన అనేక బృందాలకు మిగిలినవి, కొందరు సభ్యుల మెయిల్ పెట్టెల్లో చెదిరి ఉన్న నకళ్లు మాత్రమే.