అరెతే అంటే ర్యాంకేనా?

హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకులు కనిపిస్తాయి. గొప్పతనమంటే ర్యాంకేనా? ప్రాచీన గ్రీకులు గొప్పతనాన్ని ‘అరెతే’ అన్నారు.

అంటే ఏమిటి?
ఏదైనా తాను ఏ పని కోసం ఉందో ఆ పనిని చక్కగా చేయగలగడం. కత్తికి పదును, కంటికి చూపు, గుర్రానికి పరుగు. హోమర్ కావ్యాల్లో అది ముఖ్యంగా యోధుల పరాక్రమం. తర్వాత ప్లేటో, అరిస్టాటిల్ ధైర్యం, న్యాయం, నిగ్రహం, వివేకం వంటివాటిని మనిషి అరెతేగా చర్చించారు. అందుకే దాన్ని శ్రేష్ఠత అనీ, సద్గుణం అనీ అనువదిస్తారు.

ఎలా వస్తుంది?
అలవాటుతో అంటాడు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322). వాయిస్తూ వాయిస్తూ వాద్యకారులైనట్టే, న్యాయంగా నడుచుకుంటూనే న్యాయవంతులవుతాం.

నేడు ఎక్కడుంది?
నీతిశాస్త్ర పాఠాల్లో, కొన్ని బడుల, సంస్థల పేర్లలో.

ర్యాంకు ఒక్కరోజు పరీక్షది, అరెతే రోజూ చేసే పనిది. ఈరోజు లెక్కను శ్రద్ధగా చేయండి. అది అర్థంకాని స్నేహితుడికి ఓపికగా చెప్పండి. రెండూ అరెతేనే.