పాస్‌పోర్టు అమెరికాది, పెన్షన్ డాలర్లది, ఊరు పటాన్‌చెరు పక్కన

విశ్రాంత జీవితం కోసం భారతదేశం విడిగా వీసా ఇవ్వదు. ఉద్యోగానికి, చదువుకు, వ్యాపారానికి, వైద్యానికి, పర్యటనకు వీసాలున్నాయి. రిటైరయ్యాను, నా పెన్షన్‌తో ఈ పల్లెలో ఉండిపోతానని ఒక విదేశీయుడు అడిగితే మాత్రం ఇచ్చే వీసా లేదు. అందువల్ల సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో విదేశీ పాస్‌పోర్టుతో వృద్ధాప్యం గడుపుతున్నవారు చాలామటుకు ఈ మట్టిలో పుట్టినవారే. చదువుకో ఉద్యోగానికో అమెరికా వెళ్లి, అక్కడి పౌరసత్వం తీసుకుని, ఉద్యోగ విరమణ తర్వాత సొంత ఊరికో దాని పక్క కాలనీకో వచ్చినవారు. చట్టం లెక్కలో వీరు విదేశీయులు. ఊరి లెక్కలో ఫలానా పటేల్ కొడుకు, ఫలానా సారు తమ్ముడు. ఈ రెండు లెక్కల నడుమే వీరి రోజులు గడుస్తాయి.

వీరి చేతిలో ఉండేది ఓసీఐ కార్డు. మరో దేశ పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. అలా పోయినవారికి జీవితకాల వీసాగా ఈ కార్డు ఇచ్చేందుకు 2005లో చట్టం చేశారు. తొలి కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్‌సింగ్ అందజేశారు. కార్డు ఉంటే ఎన్నాళ్లయినా ఉండొచ్చు, విదేశీయుల నమోదు కార్యాలయం చుట్టూ తిరగనక్కర్లేదు. ఓటు మాత్రం ఉండదు. సొంత ఊరి సర్పంచ్ ఎన్నికలోనూ ఉండదు.

విదేశీయులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1972 మార్చి 28న భారత ప్రభుత్వానికి, ఫోర్డ్ ఫౌండేషన్‌కు మధ్య కుదిరిన ఒప్పందంతో పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పుట్టింది. మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊళ్లు ఖాళీ అయి ఆ పొలాలు పరిశోధన క్షేత్రాలయ్యాయి. అమెరికన్ రాల్ఫ్ కమింగ్స్, న్యూజిలాండ్‌లో పుట్టిన లెస్లీ స్విండేల్, ఆస్ట్రేలియన్ జేమ్స్ రయాన్, ఫిలిప్పీన్స్‌కు చెందిన విలియం దార్ వరసగానో ఎడంగానో దానికి అధిపతులయ్యారు. 1980ల మొదట్లో అక్కడి శాస్త్రవేత్తలు తడ్డన్‌పల్లి నల్లరేగడి చేలలో రైతులతో కలిసి వెడల్పాటి మళ్లు, కాలువల సాగు చేసి చూపారు. వీళ్లంతా ఉద్యోగం మీద వచ్చినవారు. ఉద్యోగం ముగిస్తే ఇక్కడ ఉండే ఆధారం కూడా ముగుస్తుంది. పదిహేనేళ్లు పటాన్‌చెరులో గడిపిన దార్ 2019లో తన దేశ వ్యవసాయ మంత్రి అయ్యారు.

నీళ్లు, గాలి, ఇరుగుపొరుగు

తిరిగివచ్చినవారు రెండు చోట్ల ఉంటున్నారు. కొందరు ఔటర్ రింగురోడ్డు పక్కన తెల్లాపూర్, కొల్లూరు వైపు గేటెడ్ కాలనీల్లో. వాళ్ల జీవితం హైదరాబాద్ జీవితమే, ఇక్కడ చెప్పుకోవలసింది తక్కువ. రెండోవారు ముంబై రహదారి దిగి లోపలికి, సంగారెడ్డి, సదాశివపేట చుట్టుపక్కల పల్లెల్లో పాత ఇంటిని బాగుచేయించుకునో, ఊరి చివర కొత్తగా కట్టుకునో ఉంటున్నవారు.

వీరికి ఎదురయ్యే మొదటి విషయం నీళ్లు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో మందుల కంపెనీల వ్యర్థాల చరిత్ర చిన్నది కాదు. నక్కవాగు కాలుష్యం మీద కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం పటాన్‌చెరులోని ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ఇల్లు కొనేవారు వాస్తు చూపించుకోవడానికి ముందు బోరు నీళ్లు ప్రయోగశాలకు పంపాలి. రాత్రిళ్లు ఫ్యాక్టరీల వాసన ఎటు నుంచి వస్తుందో పక్కింటివారిని అడగాలి. వాళ్లు దాచకుండా చెబుతారు.

ఇక ఇరుగుపొరుగు. పల్లెలో మనిషిని పేరుతో పిలవరు, వరసతో పిలుస్తారు. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చినా పెద్దనాయినా, చిన్నాయినా, బావా అనే పిలుపులు ఎదురొచ్చి పలకరిస్తాయి. పిల్లలకైతే అమెరికా తాతే. పాలు పక్కింట్లోంచి వస్తాయి, జొన్నరొట్టెలు చేసిపెట్టే మనిషి వాడలోనే దొరుకుతుంది, వారానికోరోజు అంగడి ఉంటుంది. మర్యాదకు తోడు ఆశలూ ఉంటాయి. గుడికి చందా, బడికి గది, ఆపదకు చేబదులు అడుగుతారు. అడగడం తప్పు కాదు, అది ఊరి పద్ధతి. ఎవరికి ఎంతవరకు ఇవ్వగలరో మొదటి ఏడాదిలోనే తేల్చి చెప్పినవారు తర్వాత ప్రశాంతంగా ఉంటారు.

డబ్బుతో రానిది ఒకటుంది. ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి వెళ్లాలి, దినాలకు కూర్చోవాలి. పెళ్లికి కవరు పంపితే సరిపోదు, పందిట్లో కనిపించాలి. వచ్చిన కొత్తలో ఈ రాకపోకలు బరువనిపిస్తాయి. ఊరు మనిషిని తూచేది వాటితోనే. దసరా సాయంత్రం దానికి ఫలితం తెలుస్తుంది. జమ్మికి పోయి వచ్చిన కుర్రవాళ్లు ‘బంగారం’ పట్టుకుని పెద్దల ఇళ్లకు వెళ్తారు, చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లకు మొక్కుతారు. చుట్టరికం ఉన్న ఇళ్లకు ఎలాగూ వెళ్తారు. చుట్టరికం లేనివాళ్లూ వెతుక్కుని వచ్చిన ఇంటి పెద్ద ఊళ్లో మళ్లీ కలిసిపోయినట్టే. ఆ ఆకును అందరి చేతిలో అందరూ పెడతారా అన్నది ఇప్పటికీ వాడను బట్టే ఉంటుంది. తిరిగివచ్చిన మనిషి తన వాడకే పరిమితమవుతాడా, మిగతా వాడల గడప కూడా తొక్కుతాడా అన్నది ఆయన చేతుల్లో ఉంది. విదేశంలో జాతి వివక్షను చూసి వచ్చినవారి నుంచి ఊరు రెండోదాన్ని ఆశించడం న్యాయం.

బాక్స్: థాయ్ పల్లెలో అయితే

విశ్రాంత జీవితపు వీసా విషయంలో థాయ్‌లాండ్ పద్ధతి మనకు పూర్తిగా తలకిందులు. యాభై ఏళ్లు నిండిన విదేశీయుడు అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉంచినా, నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపినా ఏడాది చొప్పున ఉండనిస్తారు. పని చేయడం మాత్రం నిషేధం. ప్రతి 90 రోజులకు చిరునామా తెలియజేయాలి. అతను దిగిన సంగతి ఇంటి యజమాని 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి. భూమి అతని పేరున ఉండదు, ముప్పై ఏళ్ల లీజు దొరుకుతుంది. అందుకే ఈశాన్యంలోని ఇసాన్ పల్లెల్లో స్థానికురాలిని పెళ్లాడిన పాశ్చాత్యుడి ఇంటి నేల చాలాసార్లు భార్య పేరున ఉంటుంది. పొద్దున్నే భిక్షుల భిక్షాటన, గ్రామపెద్ద మైకులో చెప్పే కబుర్లు, జిగట అన్నం, ఏప్రిల్ 13న నీళ్ల పండుగ సొంగ్‌క్రాన్ అతని క్యాలెండర్. వరసపెట్టి పిలవడం, ఊరి పనులకు చందా అడగడం అక్కడా ఉన్నాయి.

బాక్స్: మార్లవాయి సమాధులు

ఉద్యోగ విరమణ తర్వాత కూడా తెలంగాణ పల్లెను వదలని విదేశీయుడు అంటే క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టిన ఈ మానవ శాస్త్రవేత్త 1941లో, గోండు నాయకుడు కుమురం భీం మరణించిన మరుసటి ఏడాది, గోండుల మధ్య పనికి ఆదిలాబాద్ చేరారు. భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. 1976లో లండన్‌లో రిటైరయ్యాక మళ్లీ వచ్చి, పాత ఊళ్లలో భూములు ఎవరి చేతికి పోయాయో చూసి, 1982లో పుస్తకం వేశారు. 1987లో హైదరాబాద్‌లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోయారు. అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి ఇద్దరినీ తలచుకుంటారు.

బతికే ఉన్నట్టు కాగితం

ఊళ్లో వరస కుదిరినా కాగితాల పని తప్పదు. అమెరికా సోషల్ సెక్యూరిటీ పెన్షన్ ఆ దేశ పౌరులకు ఇండియాలో ఉన్నా వస్తుంది. దాని మీద పన్ను రెండు దేశాల ఒప్పందం ప్రకారం అమెరికాకే. అయితే ఎస్‌ఎస్‌ఏ-7162 అనే ప్రశ్నాపత్రం తపాలాలో వస్తుంది, కొందరికి ఏటా, కొందరికి రెండేళ్లకోసారి. మనిషి బతికున్నాడా, చిరునామా అదేనా అని అడుగుతుంది. నింపి పంపకపోతే పెన్షన్ ఆగుతుంది. ఇంటి నంబరు సరిగ్గా లేని పల్లెలో ఆ కవరు చేరడం పోస్ట్‌మ్యాన్‌తో ఉన్న పరిచయం మీద ఆధారపడుతుంది. విదేశీ ఖాతాల్లో కలిపి 10 వేల డాలర్లు దాటితే ఆ సంగతి ఏటా అమెరికా ప్రభుత్వానికి చెప్పాలి. పటాన్‌చెరు బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఆ లెక్కలో విదేశీ ఖాతాయే.

వైద్యం అసలైన చిక్కు. అమెరికాలో అరవై అయిదేళ్లు నిండినవారికుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మామూలుగా ఆ దేశం దాటితే పనిచేయదు. దానిలోని పార్ట్-బి కంతులు మానేసి, ఎప్పుడైనా తిరిగి వెళ్లి చేరాలంటే మానేసిన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం చొప్పున కంతు పెరుగుతుంది, అదీ జీవితాంతం. ఇక్కడ ఆరోగ్య బీమా ఆ వయసులో ఖరీదు. ఇక్కడే ఉండిపోదామనుకున్నవారు కూడా పార్ట్-బి కడుతూనే ఉండటానికి కారణం ఇదే. పిల్లలు అక్కడ ఉన్నంతకాలం ఈ కంతు దండగ కాదు.

నాలుగెకరాల కాగితం

మిగతా కాగితాలన్నీ ఒక ఎత్తు, భూమి కాగితం ఒక ఎత్తు. తిరిగివచ్చినవారి మనసులో మొదట ఉండేది కాస్త పొలం. మామిడి, జామ, నాలుగు ఆవులు. సదాశివపేట, జహీరాబాద్ దారుల పొడవునా ‘ఫామ్‌ప్లాట్’ వెంచర్ల హోర్డింగులున్నాయి. అయిదు గుంటలు, పది గుంటలు, అంటే 605 గజాలు, 1,210 గజాలు. బ్రోషర్లలో శ్రీగంధం మొక్కలు, క్లబ్‌హౌస్, పక్కన విదేశాల నుంచి వచ్చే కొనుగోలుదారుల కోసం ప్రత్యేక ఫోన్ నంబరు ఉంటాయి. ఆ నేల వ్యవసాయ భూమి అయితే ఓసీఐ కార్డుదారు దాన్ని కొనలేరన్న మాట బ్రోషర్‌లో వెతికినా దొరకదు.

ఆ మాట ఉన్నది విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) కింద 2019లో వచ్చిన నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ నియమాల్లో, 24వ నియమంలో. అరపేజీ కూడా ఉండదు. ఈ ప్రాంతపు ప్రతి ప్రవాస కుటుంబం చదవాల్సిన అరపేజీ అది. విదేశంలో ఉండే ఎన్నారై గానీ ఓసీఐ గానీ ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, ప్లాంటేషన్ కొనకూడదు. వాటిని బహుమానంగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం పొందవచ్చు. పొందినదాన్ని అమ్మాలంటే ఇక్కడ నివసించేవారికే అమ్మాలి.

వీటిలో బహుమానం గురించిన మాట పల్లెల్లో ఎక్కువగా దెబ్బతీస్తుంది. ముసలి తండ్రి తనకున్న నాలుగెకరాల్లో అమెరికా కొడుకు వాటా రెండెకరాలు బతికుండగానే రాసిచ్చేద్దామనుకుంటాడు. అన్నదమ్ముల మధ్య తర్వాత గొడవలు వద్దని, తహసీల్దార్ కార్యాలయంలో గిఫ్ట్ డీడ్ చేయిస్తాడు. ఉద్దేశం మంచిదే, కానీ గిఫ్ట్ డీడ్‌తో వ్యవసాయ భూమి తీసుకోవడం ఫెమా ప్రకారం ఉల్లంఘన. అదే రెండెకరాలను అదే తండ్రి అదే కొడుక్కి వీలునామా రాసి, ఆయన తర్వాత సంక్రమిస్తే తప్పు లేదు. ఉల్లంఘన తేలితే 13వ సెక్షన్ కింద లావాదేవీ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు.

ఇక్కడే స్థిరపడ్డాను కదా, ఆధార్ కూడా వచ్చింది కదా అని కొందరు ధైర్యపడతారు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్న ఓసీఐకి ఆధార్ ఇస్తారు, నిజమే. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతుంది. ఓసీఐల హక్కుల మీద కేంద్ర హోంశాఖ 2021 మార్చి 4న ఇచ్చిన నోటిఫికేషన్ స్థిరాస్తి కొనుగోలులో ఎన్నారైలతో సమాన హక్కు ఇస్తూ, వ్యవసాయ భూమిని, ఫామ్‌హౌస్‌ను, ప్లాంటేషన్‌ను అక్కడా మినహాయించింది. పాసుపుస్తకంలో పేరు ఎక్కినంత మాత్రాన ఈ మినహాయింపు తొలగిపోదు. తమ్ముడి పేరు మీదో మేనల్లుడి పేరు మీదో కొని, మాట మీద ఉంచుకునే పద్ధతి ఇంకా ప్రమాదం. బినామీ చట్టం చిక్కు ఒకటైతే, ఆ మాట తర్వాతి తరానికి గుర్తుండకపోవడం రెండోది.

సొంత ఊళ్లో పుట్టినవాడికి సొంత ఊళ్లో గుంట భూమి కొనే వీలు లేకపోవడం బాధ కలిగించే విషయమే. అయినా ఆ నియమం వెనుక న్యాయం ఉంది. డాలర్లతో పొలాలు కొనడం మొదలైతే రహదారి పక్కన ఇప్పటికే ఆకాశంలో ఉన్న ధరల దగ్గర కౌలురైతు నిలవలేడు.

కాబట్టి ఫామ్‌ప్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగాలి: ఈ సర్వే నంబరుకు నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) జరిగిందా, లేఅవుట్‌కు అనుమతి ఉందా? లేదంటే వెనక్కి రావాలి. పిల్లలు విదేశీ పౌరులైన తల్లిదండ్రులు పొలాన్ని గిఫ్ట్ చేయకుండా, ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయించాలి. పొలం కొనాలనే కోరిక బలంగా ఉన్నవారికి చట్టం ఒక దారి ఉంచింది. ఓసీఐ కార్డు పొంది అయిదేళ్లయి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉన్నవారు పౌరసత్వ చట్టం అయిదో సెక్షన్ కింద మళ్లీ భారత పౌరులు కావడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. అప్పుడు పొలం కొనవచ్చు, సర్పంచ్‌కు ఓటు వేయవచ్చు.