పల్లీల సరసన హేజెల్‌నట్

పంజాగుట్ట, అమీర్‌పేట సూపర్‌మార్కెట్లలో బాదం, పిస్తాల పక్కనే ఇప్పుడు హేజెల్‌నట్ ప్యాకెట్లూ కనిపిస్తున్నాయి. కాబూలీ శనగ కన్నా కాస్త పెద్దగా, గోధుమరంగు పొట్టుతో ఉండే ఈ గింజను చాలామంది మొదట రుచి చూసింది చాక్లెట్లలోనే. ప్రపంచ పంటలో సగానికి పైగా తుర్కియేలో, ముఖ్యంగా నల్లసముద్ర తీరంలో పండుతుంది.

ఈ గింజలో నూటికి 60 పాళ్లు కొవ్వే. అయినా భయపడక్కర్లేదు. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆలివ్ నూనెలో ఉండే ఒలీయిక్ ఆమ్లమే. డాల్డా, వెన్నల బదులు ఇలాంటి కొవ్వు తింటే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. గుప్పెడు గింజల్లో, అంటే 30 గ్రాముల్లో, సుమారు 190 కేలరీలు, 3 గ్రాముల పీచు, 4.5 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటాయి. మాంగనీస్ కూడా పుష్కలం.

స్పెయిన్‌లో 7,447 మందిపై జరిగిన ప్రిడిమెడ్ అధ్యయనంలో ఒక బృందానికి రోజూ 15 గ్రాముల అక్రోట్లు, ఏడున్నర గ్రాముల చొప్పున బాదం, హేజెల్‌నట్లు ఇచ్చారు. కొవ్వు తగ్గించుకోమని సలహా పొందినవారితో పోలిస్తే వీరిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి దాదాపు 28 శాతం తక్కువ. ఆ ఘనత ఒక్క గింజలదే కాదు. కూరగాయలు, పప్పులు, చేపలు నిండిన భోజనంతో కలిపి తిన్నారు వాళ్లు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2,000 కేలరీల భోజనంలో 35 గ్రాముల గింజలు ఉండాలంది. అవి హేజెల్‌నట్లే కానక్కర్లేదు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లే కుర్రాడికి వేయించిన పల్లీలు చాలు. 100 గ్రాముల పల్లీల్లో 25 గ్రాముల ప్రోటీన్ ఉంటే, హేజెల్‌నట్లో 15 గ్రాములే. ఫోలేట్ కూడా పల్లీల్లోనే రెట్టింపు. విటమిన్ ఇ, ఒలీయిక్ ఆమ్లాల్లో మాత్రం హేజెల్‌నట్‌దే పైచేయి. కొనగలిగినవాళ్లు రెండూ కలిపి తినడం మేలు.

బ్రెడ్డు మీద రాసుకునే హేజెల్‌నట్ చాక్లెట్ సంగతి వేరు. పేరున్న ఒక బ్రాండు సీసాలో గింజలు 13 శాతమే, చక్కెర సగానికి పైగా. పిల్లలకు పెట్టే ముందు లేబుల్ చదవాలి.

ఉప్పు లేనివి కొని, పొట్టుతోనే తినాలి. యాంటీఆక్సిడెంట్లు ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే. సాయంత్రం మిర్చి బజ్జీల బదులు తినాలే గానీ, వాటితో పాటు కాదు. గింజలు పడనివారు పూర్తిగా దూరంగా ఉండాలి. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచితే చాలాకాలం నిలుస్తాయి. ముక్క వాసన వస్తే పారేయాలి.