మడ్‌గావ్‌లో ఆగిపోయిన వేలాడే రైలు

గోవాకు పోయివచ్చినవాళ్లు మనవైపు చాలామందే ఉన్నారు. మడ్‌గావ్ స్టేషన్‌లో దిగి, బండి మాట్లాడుకుని నేరుగా సముద్రం వైపు వెళ్లిపోతారు. ఆ స్టేషన్ దగ్గరే ఏళ్ల తరబడి కాంక్రీటు స్తంభాల మీద 1.6 కిలోమీటర్ల దారి ఒకటి నిలబడి ఉండేది. దానికింద రైలు డబ్బా వేలాడేది. టికెట్టు కొని అందులో ఎక్కిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు. దేశంలో తొలి వేలాడే పట్టణ రైలుగా పేరు తెచ్చుకోవాల్సిన ఆ స్కైబస్‌కు రూపకల్పన చేసింది తెలుగు ఇంజినీరు బొజ్జి రాజారాం. అందుకే దాని కథ మనం తెలుసుకోవాలి.

రాజారాం అప్పట్లో కొంకణ్ రైల్వే మేనేజింగ్ డైరెక్టర్. పశ్చిమ కనుమల్లో సొరంగాలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి, ముంబై వైపు నుంచి మంగళూరు దాకా రైలు నడిపిన సంస్థ అది. 1998లో ఆ మార్గం జాతికి అంకితమైంది. అంత కష్టమైన పని నెగ్గిన సంస్థకు కొత్త యంత్రాన్ని సొంతంగా తయారుచేసి చూపాలన్న ధైర్యం రావడంలో వింత లేదు. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘రక్షా కవచ్’ పరికరం మీద పనిచేసింది కూడా ఈ సంస్థే, ఈ రాజారామే.

మామూలు మెట్రోలో బండి పట్టాల మీద నడుస్తుంది. స్కైబస్‌లో బండి పట్టాల కింద వేలాడుతుంది. రోడ్డు మధ్యలో వరసగా స్తంభాలు లేపి, వాటి మీద లోపల గుల్లగా ఉండే కాంక్రీటు దూలాన్ని పరుస్తారు. పట్టాలు ఆ గుల్లలో ఉంటాయి. చక్రాల చట్రం వాటి మీద పరుగెడుతుంది. దూలం అడుగున వదిలిన సందులోంచి కిందికి దిగిన కడ్డీలకు ప్రయాణికుల డబ్బా తగిలించి ఉంటుంది. చక్రాలు దూలం లోపలే బందీగా ఉంటాయి కాబట్టి బండి పట్టాలు తప్పి పడిపోయే మాటే లేదన్నది రాజారాం వాదన. ఇళ్లు కూల్చక్కర్లేదు, భూములు సేకరించక్కర్లేదు, ఉన్న రోడ్డు మీదే స్తంభాలు వేసుకోవచ్చు, మెట్రోకయ్యే ఖర్చులో కొంత భాగంతోనే పూర్తవుతుంది అన్నారు. ఇరుకు బజార్ల మధ్య బతికే మన పట్టణాలకు ఇంతకన్నా తియ్యని కబురు ఏముంటుంది?

ప్రధాని వాజ్‌పేయి 2003లో దీన్ని గోవాకు కొత్త సంవత్సరపు కానుకగా ప్రకటించారు. మాపుసా నుంచి పణజి దాకా 10.5 కిలోమీటర్లు వేయాలన్నది ఆలోచన. దానికి ముందు పరీక్ష కోసం మడ్‌గావ్‌లో చిన్న దారి కట్టారు. హైదరాబాద్‌లోనూ ఆ రోజుల్లో స్కైబస్ మాట వినబడింది.

2004 సెప్టెంబరు 25న పరీక్షగా నడుపుతుండగా డబ్బా ఊగి స్తంభాలకు కొట్టుకుంది. కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టాలు తప్పదన్న భరోసా చుట్టూ కట్టుకున్న ప్రాజెక్టులో ప్రాణం తీసింది డబ్బా ఊపు. ఆ తర్వాత స్కైబస్ ముందుకు సాగలేదు. స్తంభాలు మాత్రం ఎండకు ఎండుతూ, అరేబియా సముద్రపు వానలకు తడుస్తూ ఏళ్ల తరబడి అలాగే నిలబడ్డాయి. చివరికి 2013లో కొంకణ్ రైల్వే ప్రాజెక్టును పూర్తిగా వదులుకుని ఆ కట్టడాన్ని విప్పించింది. దాదాపు 50 కోట్ల రూపాయలు దానికింద ఖర్చయ్యాయని అప్పటి పత్రికలు రాశాయి.

ప్రమాదం జరిగింది కాబట్టి ఆగిపోయింది అంటే అర్థం చేసుకోవచ్చు. కానీ నాకు ఆ జవాబు చాలదు. జర్మనీలో వుప్పర్తాల్ అనే ఊరుంది. అక్కడ వుప్పర్ నది మీదుగా వేలాడే రైలు 1901 నుంచి నడుస్తోంది. మొత్తం 13.3 కిలోమీటర్లు, 20 స్టేషన్లు. 1950లో ఒక సర్కస్ కంపెనీ ప్రచారం కోసం ఏనుగు పిల్లను ఎక్కిస్తే, అది బెదిరి గోడ చీల్చుకుని నదిలోకి దూకి బతికి బయటపడింది. ఆ ఊరి పిల్లలందరికీ తెలిసిన కథ ఇది. ఆ రైలుకూ చీకటి రోజు వచ్చింది. 1999 ఏప్రిల్ 12 తెల్లవారుజామున, మరమ్మతులు చేసినవాళ్లు పట్టా మీద మరిచిపోయిన ఇనుప బిగింపును గుద్దుకుని బండి నదిలో పడింది. ఐదుగురు చనిపోయారు. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చి, కొద్ది వారాల్లోనే రైలును మళ్లీ పట్టాలెక్కించారు; బాధ్యుల మీద కేసూ నడిపారు. ఈ రోజుకూ జనం దాంట్లోనే పనులకు పోతున్నారు.

రెండూ వేలాడే రైళ్లే, రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. తేడా ఏమిటంటే, వుప్పర్తాల్ రైలుకు దాన్ని తమదనుకునే ఊరు ఉంది, దాని భద్రతకు జవాబు చెప్పే వ్యవస్థ ఉంది. మడ్‌గావ్ స్కైబస్‌కు రెండూ లేవు. మునిసిపల్ హద్దుల్లో రోడ్డు వెంట నడుస్తుంది కాబట్టి ఇది రైల్వే కిందికి రాదు, ట్రామ్ కిందికి వస్తుందని దాన్ని ముందుకు తెచ్చినవాళ్లు రాజ్యాంగంలోని 366(20) అధికరణం చూపి వాదించారు. అనుమతులు త్వరగా రావడానికి ఆ వాదన పనికొస్తుందేమో. కానీ ఎవరికీ తెలియని యంత్రాన్ని తనిఖీ చేసి, ఇది నడవొచ్చు, ఇది నడవకూడదు అని చెప్పే పెద్ద దిక్కు లేకుండా పోతుంది. స్కైబస్‌కు పడిన దెబ్బల్లో నా దృష్టిలో ఇదే పెద్దది.

ఈ కథ ఉత్తర తెలంగాణవాళ్లకు దూరమైంది కాదు. కరీంనగర్, సిరిసిల్ల నుంచి తరతరాలుగా ముంబై మిల్లులకు వలసపోయిన మన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ చుట్టుపక్కల బతికారు. ఆ లోయర్ పరేల్ మీదుగానే, స్కైబస్‌లాగే రోడ్ల పైన స్తంభాల మీద నడిచే ముంబై మోనోరైలు వేశారు. 2014లో మొదలై, 2019లో పూర్తయింది. 2025 ఆగస్టు వానల్లో వందల మందితో మధ్యలో చిక్కుకుపోయింది. సెప్టెంబరులో, కొత్త రైళ్లు, కొత్త సిగ్నళ్ల పేరు చెప్పి మొత్తం మార్గాన్నే ఆపేశారు.

పట్టాల కోసం ఎదురుచూడటం మనకు కొత్త కాదు. పీవీ ప్రధానిగా ఉండగా 1993-94లో మంజూరైన పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను, 177 కిలోమీటర్లు, పూర్తవడానికి 2017 దాకా పట్టింది. ఆదిలాబాద్ నుంచి రైల్లో హైదరాబాద్ రావాలంటే ఇప్పటికీ మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ మీదుగా చుట్టి రావాలి. ఆర్మూరు–ఆదిలాబాద్ లైను ఇంకా పడనే లేదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన జనానికి ఎవరైనా ఆకాశంలో రైలు చూపిస్తే మనసు పడిపోతుంది. వరంగల్‌కు మెట్రో నియో అనే తేలికపాటి మెట్రో ప్రతిపాదన కూడా కొన్నేళ్లుగా కాగితాల మీద తిరుగుతోంది. రేపు కరీంనగర్‌కూ ఏదో ఒకటి వస్తుంది.

రానివ్వండి. కొత్త యంత్రం తయారుచేసే తెలుగు ఇంజినీర్లు ఇంకా పుట్టాలి, వాళ్లకు పరీక్షించుకునే చోటు కూడా ఇవ్వాలి. రాజారాం ఆలోచనను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. నేను కోరేది ఒక్కటే. మొదటి స్తంభం లేవకముందే దాన్ని తనిఖీ చేసే అధికారి ఎవరో ప్రకటించాలి. పరీక్షల నివేదికలు, ప్రమాదం జరిగితే విచారణ నివేదిక, తెలుగులో అచ్చువేసి మునిసిపల్ ఆఫీసులో అందరికీ అందుబాటులో ఉంచాలి. ఈ మాట మన కార్పొరేటర్లను, ఎమ్మెల్యేలను ఇప్పుడే అడగండి.