లెక్కకు చిక్కిన క్షణజీవి

నిజామాబాదు జిల్లాలోని బోధన్ ప్రాంతం చెరకు సాగుకు పేరెన్నికగన్నది. 2015లో మూతపడేంతవరకు అక్కడి నిజాం చక్కెర కర్మాగారం ఎన్నో పల్లెలకు జీవనాధారం. చక్కెర కర్మాగారానికి వచ్చిన చెరకును విడిగా తూచరు. నిండు బండిని ఒకసారి, చెరకు దింపిన తరువాత ఖాళీ బండిని మరొకసారి కాటాపై నిలుపుతారు. ఆ రెండు తూకాల భేదమే చెరకు బరువు. కాటా ఏమాత్రం తప్పినా రైతు ఏడాది శ్రమకు నష్టం కలుగుతుంది. కంటికి కానరాని ఒక పరమాణువును లెక్కించడానికి భౌతిక శాస్త్రజ్ఞులు అనుసరించే మార్గం కూడా ఇటువంటిదే. ఆ పరమాణువు పేరు పాజిట్రోనియం.

ఎలక్ట్రానుకు ఒక ప్రతికణం ఉంది. దాని ద్రవ్యరాశి ఎలక్ట్రానుతో సమానం. విద్యుదావేశం మాత్రం ధనాత్మకం. అదే పాజిట్రాను. 1932లో కార్ల్ ఆండర్సన్ దీనిని విశ్వకిరణాలలో గుర్తించాడు. పాజిట్రాను, ఎలక్ట్రాను కలిసినప్పుడు రెండూ నశించి గామా కిరణాలుగా మారతాయి. అయితే కొన్నిసార్లు నశించడానికి ముందు అవి జంటగా కూడి, కేంద్రకం లేని పరమాణువుగా క్షణకాలం నిలుస్తాయి. ఈ పాజిట్రోనియం ఉనికిని 1951లో మార్టిన్ డాయిచ్ అమెరికాలో వాయువులపై జరిపిన ప్రయోగాల ద్వారా నిరూపించాడు. దీని రెండు రూపాలలో దీర్ఘాయువు గలది సైతం శూన్యంలో సగటున 142 నానోసెకన్లు మాత్రమే జీవిస్తుంది. నానోసెకను అంటే సెకనులో నూరుకోట్లవ వంతు.

ఇంతటి అల్పాయుష్కాన్ని లెక్కించడం ఎలా? సోడియం-22 నుండి వెలువడే పాజిట్రానులను ముందుగా మందగింపజేస్తారు. పిదప వాటిని నిర్ణీత శక్తి గల పుంజంగా మలచి, హీలియం వంటి వాయువు నింపిన గది గుండా పంపుతారు. అయస్కాంత క్షేత్రం వాటిని దారి తప్పనీయదు. వాయు పరమాణువును ఢీకొని పక్కకు మళ్లిన పాజిట్రాను కూడా క్షేత్రరేఖను చుట్టుకుంటూ సాగి, చివరనున్న శోధకాన్ని చేరుతుంది. కాని ఎలక్ట్రానును గ్రహించి పాజిట్రోనియంగా మారితే, దానికి మొత్తం మీద ఆవేశం ఉండదు. అందువల్ల అది క్షేత్రానికి లోబడక తొలగిపోయి నశిస్తుంది. వాయువు లేనప్పుడు శోధకాన్ని చేరిన పాజిట్రానుల సంఖ్య నుండి, వాయువు ఉన్నప్పుడు చేరిన సంఖ్యను తీసివేస్తే, ఆ లోటే పాజిట్రోనియం లెక్క.

అయితే ఆ లోటు మరే కారణం చేతనో ఏర్పడలేదని నిశ్చయించుకోవాలి. హీలియం నుండి ఒక ఎలక్ట్రానును వేరుచేయడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అవసరం. పాజిట్రోనియం ఏర్పడినప్పుడు అందులో 6.8 తిరిగి లభిస్తుంది. కనుక 17.8 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ శక్తి గల పాజిట్రాను ఈ జంటను ఏర్పరచజాలదు. ఆ హద్దుకు దిగువన కూడా లోటు కనిపిస్తే, దోషం పరికరానిదే. ఖాళీ కాటా సున్నా చూపవలెనన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

కాన్సరు నిర్ధారణకు వాడే పెట్ స్కానులో, రోగికి ఎక్కించే ఔషధం పాజిట్రానులనే వెలువరిస్తుంది. శరీరంలోనూ వాటిలో కొంతభాగం పాజిట్రోనియంగా మారి నశిస్తుంది. కణజాల స్థితిని బట్టి దాని జీవితకాలం మారుతుంది. ఆ మార్పు ఆధారంగా వ్యాధిని గుర్తించే పరిశోధనలు సాగుతున్నాయి. కాటా తప్పితే నష్టపోయేది రైతు. ఇక్కడ లెక్క తప్పితే నష్టపోయేది రోగి. కనుకనే కొలిచేవాడు ఫలితం ప్రకటించే ముందు తన కొలమానాన్ని పరీక్షించుకుంటాడు.