పొటాష్ నీటిని ఏల చల్లబరచును? సున్నము ఏల మరిగించును?

పెదవేగి, తాడేపల్లిగూడెం మెట్టలలో పామాయిల్ తోటలకు డ్రిప్ ద్వారా పొటాష్ ఇచ్చు రైతులు ఒక సంగతి గమనించియే ఉందురు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌ను బకెట్టులో కలిపి చేయి పెట్టి చూచిన, నీరు తోడినప్పటికంటె చల్లగా ఉండును. కైకలూరు, ఆకివీడు ప్రాంతములలో చెరువు ఎండగట్టి సున్నము చల్లించు రైతులకు దీనికి పూర్తిగా విరుద్ధమైన అనుభవము. కాల్చిన సున్నము నీటిలో పడగానే బుసబుస పొంగి పొగలు గ్రక్కును. అక్కడ మాత్రము చేయి పెట్టి చూడవద్దు.

రెంటికిని పోసినది ఒకే నీరు గదా, మరి ఈ భేదమెందుకు? ఇది జమాఖర్చుల లెక్క వంటిది. పొటాష్ పలుకులో పొటాషియం, క్లోరైడ్ అను రెండు రకముల కణములు వరుసలు తీరి, ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉండును. ఒకటి ధన విద్యుత్తు గలది, రెండవది ఋణ విద్యుత్తు గలది. వీనికి అయానులని పేరు. విడివిడిగా ఉన్న అయానులు చేరి పలుకుగా ఏర్పడునపుడు వేడి వెలువడును. కిలో పొటాష్‌కు అది సుమారు 2,300 కిలో కేలరీలు. కిలో కేలరీ యనగా లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయు శక్తి. ఆ పలుకును మరల విడగొట్టవలెనన్న అంత శక్తియు తిరిగి చెల్లించవలసినదే.

చెల్లించునది నీరే. నీటి అణువులు అయానుల చుట్టును మూగినపుడు వేడి పుట్టును. కాని ఆ రాబడి ఖర్చుకంటె సుమారు 55 కిలో కేలరీలు తక్కువ పడును. ఆ లోటును నీరు తన వేడినుండియే పూడ్చుకొనును. అందువలన పది లీటర్ల నీటిలో కిలో పొటాష్ కరగిన, నీరు ఐదారు డిగ్రీలు చల్లబడును. యూరియాలో అయానులు లేవు గాని, దాని లెక్కయు లోటు లెక్కయే.

దీనితో తోటలో వచ్చు చిక్కు ఏమనగా, నీరు చల్లబడిన కొలది పొటాష్ తక్కువగా కరగును. లీటరు నీటిలో 30 డిగ్రీల వద్ద సుమారు 370 గ్రాములు కరగును. 10 డిగ్రీల వద్ద 310 గ్రాములే. తక్కువ నీటిలో ఎక్కువ పొటాష్ పోసినచో, సగము కరగుసరికే నీరు చల్లబడి మిగిలినది అడుగున నిలిచిపోవును. మందు నాసిరకమని దుకాణదారుని నిందించుటకు ముందు బకెట్టును తాకి చూడండి. కిలోకు నాలుగు లీటర్లకు తగ్గకుండ నీరు తీసుకొని, బాగుగా కలియబెట్టి, కొంతసేపు ఎండలో ఉంచి, మరల కలిపి, వడగట్టి వదలవలెను. పంచదార వలె క్షణములో కరగవలెనని తొందరపడినచో డ్రిప్పర్లు పూడుకొనును.

ఇక సున్నము సంగతి. ఇక్కడ జరుగునది కరగుట మాత్రమే కాదు. నీటితో కలిసి కొత్త పదార్థము ఏర్పడుట. బట్టీలో సున్నపురాయినో గుల్లనో సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చినపుడు బొగ్గుపులుసు వాయువు పోయి కాల్చిన సున్నము మిగులును. కిలో సున్నమునకు, వృథా పోయిన వేడిని విడిచి, సుమారు 760 కిలో కేలరీలు అందు నిలువ చేరును. నీరు తగలగానే అందులో సుమారు 275 ఒక్కసారిగా బయటపడును. మూడు లీటర్ల నీటిని మరుగు దాకా తేగల వేడి అది. తక్కిన 485 తర్వాత ఆ సున్నము బొగ్గుపులుసు వాయువును మరల పీల్చుకొని సున్నపురాయిగా మారునపుడు తెలియకుండ వెలువడును. గోడకు వేసిన సున్నము గట్టిపడుట ఇదే. బట్టీలో చేసిన అప్పు ఈ విధముగా రెండు వాయిదాలలో తీరును. మొదటి వాయిదాయే మనుష్యులను కాల్చునది.

కావున సున్నముపై నీరు పోయరాదు. వెడల్పైన పాత్రలో ఎక్కువ నీరు పోసి, అందులో సున్నమును కొద్దికొద్దిగా వేయవలెను. మూత పెట్టినచో ఆవిరి పొంగి ముఖము మీదికి చిమ్మును. పైకి చల్లారినట్లున్న గడ్డ లోపల పొడిగా ఉండి, కదిపినపుడు మరల పొంగవచ్చును. బస్తాలు గడ్డివాము దగ్గర పెట్టవద్దు. వాన తడిసి గడ్డి అంటుకొనగలదు. చేపలున్న చెరువులో కాల్చిన సున్నమును నేరుగా చల్లరాదు. నీటి క్షారగుణము పెరిగినచో, అందున్న అమ్మోనియా చేపలకు మరింత విషమగును.

చల్లు కూలీకి కంటి అద్దములు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా ఇవ్వవలెను. గాలికి ఎదురుగా చల్లనీయరాదు. చర్మముపై పడిన పొడిని ముందు పొడిగుడ్డతో దులిపి, పిమ్మట ధారాళముగా కడగవలెను. కంటిలో పడినచో వెంటనే, రెప్ప విప్పి పట్టి, మంచినీటితో కనీసము ఇరవై నిమిషములు ఎడతెగక కడుగుచు, డాక్టరు వద్దకు తీసికొనిపోవలెను. చెరువుగట్టు మీద ఆ రోజు రెండు బిందెల మంచినీరు ముందుగానే ఉంచండి. చెరువు ఎండగట్టిన నాడు దగ్గరలో నీరు ఉండదు.